తల, కర్ర, పీరు

కర్నూలు, కడప సీమలో పాత గుర్తులకు కొత్త అర్థాలు వస్తున్నాయి. అన్నీ ఒకే దారిన పోవడం లేదు.

ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. ఉరితో కంపెనీ ప్రభుత్వం కసి తీరలేదు. ఆయన తలను జనానికి కనబడేలా వేలాడదీసి ఉంచింది. 1877 దాకా, అంటే 30 ఏళ్లు, ఆ తల అక్కడే ఉంది. ఈలోగా కంపెనీ పోయి విక్టోరియా రాణి ఏలుబడి వచ్చింది. కోయిలకుంట్ల దారిన చిన్నపిల్లలుగా నడిచినవాళ్లు పెద్దవాళ్లై, తమ పిల్లల చెయ్యి పట్టుకుని అదే దారిన నడిచారు. ధాత కరువు వచ్చి సీమ ఎముకలు తేలింది. ఎదురు తిరిగితే ఇదీ గతి అని చెప్పడానికి సర్కారు పెట్టిన గుర్తు అది. చదువు రానివాడికి కూడా ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

2021 మార్చి 25న కర్నూలు దగ్గర ఓర్వకల్లులో విమానాశ్రయం మొదలైంది. దానికి పెట్టిన పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం. ఒక సర్కారు భయపెట్టడానికి వాడుకున్న మనిషిని ఇంకో సర్కారు వచ్చీపోయేవాళ్లకు స్వాగతం చెప్పడానికి పెట్టుకుంది.

ఈ మార్పును తెచ్చింది విమానాశ్రయం కాదు, 2019లో వచ్చిన ‘సైరా నరసింహారెడ్డి’ సినిమా కూడా కాదు. తల ఇంకా వేలాడుతున్న రోజుల్లోనే జనం దాని అర్థాన్ని తిప్పేశారు. కోయిలకుంట్ల చుట్టూ ఉన్న రేనాటి పల్లెల్లో ఆయన కథ పాటైంది. తలొంచుకుని పోవాల్సిన జనం తలెత్తి పాడుకున్నారు. తర్వాత తంగిరాల వెంకట సుబ్బారావు లాంటి పరిశోధకులు ఆ పాటల వెంట పడి, ‘రేనాటి సూర్యచంద్రులు’ అనే పేరును పుస్తకానికెక్కించారు.

సూర్యుడు నరసింహారెడ్డి అయితే చంద్రుడు ఎవరు? అదే ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో గంజి కేంద్రాలు పెట్టి, ఆకలితో వచ్చినవాళ్లకు వచ్చినట్టు నెలల తరబడి అన్నం పెట్టిన దాత. ఆ సంగతి తెలిసి విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఒకే ఊరి మనుషుల్లో ఒకరి తలను తెల్లవాళ్లు కొయ్యకు వేలాడదీశారు, ఇంకొకరి మెడలో పతకం వేశారు. జనం ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి దండం పెట్టుకున్నారు. పతకం ఇచ్చింది ఎవరని చూడలేదు, అన్నం పెట్టింది ఎవరని చూశారు. సీమ జనానికి గుర్తులను చదివే సొంత పద్ధతి ఒకటుందని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నాకు కనబడదు.

ఇంకో సంగతి కూడా కలిపి చూడాలి. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి వదిలేశాక ఇక్కడికి వచ్చి, పాలెగాళ్లను అణిచి, రైతుకు నేరుగా పట్టా ఇచ్చిన దొర థామస్ మన్రో. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన పేరు మీద ఇక్కడి రైతులు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. కడప జిల్లా గండి కొండల నడుమ బంగారు తోరణం ఆయన కంటికి కనబడిందనీ, అది కనబడినవాళ్లు ఎక్కువ కాలం బతకరనీ కథ చెప్పుకున్నారు. పాలెగాళ్లను దించినవాడి పేరూ పిల్లలకు పెట్టారు, పాలెగాడి మనవడైన నరసింహారెడ్డి పాటా పాడారు. చరిత్ర పుస్తకం ఈ రెండింటినీ చెరో పుటలో పెడుతుంది. పల్లెలో రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి.

నరసింహారెడ్డిని ఇప్పుడు తొలి స్వాతంత్ర్య సమరయోధుడు అంటున్నాం. మంచిదే. అయితే ఆ బిరుదు కింద ఒక సంగతి మరుగున పడుతోంది. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీదికి ఆయన వెంట నడిచినవాళ్లలో కట్టుబడి బంట్రోతులు ఎందరో ఉన్నారు. ఊరి కావలి కాసి, దానికి బదులుగా ఇనాం భూమి దున్నుకుని బతికేవాళ్లు. కంపెనీ ఆ ఇనాములు లాగేసుకుంది. నరసింహారెడ్డికి నెలకు వచ్చే భరణం 11 రూపాయల చిల్లర. ఆయనకు పరువు పోయింది, వాళ్లకు కూడు పోయింది. తలను గుర్తుపెట్టుకున్నాం, ఆ చేతులను మరిచిపోయాం. విమానాశ్రయంలో ఒక గోడ మీద కట్టుబడుల కథ కూడా రాసిపెడితే ఆ పేరు ఇంకా నిండుగా ఉంటుంది.

ఒక గుర్తు అర్థం మారిందని విన్నప్పుడు రెండు సంగతులు అడగాలని నాకనిపిస్తుంది. మారాక ఎవరి ఒంటి మీద దెబ్బ తగ్గింది? ఎవరి ముఖాన తలుపు పడింది? కోయిలకుంట్ల తల విషయంలో ఈ ప్రశ్నలకు జవాబు తేలికే. మిగతావాటి దగ్గరే చిక్కు.

బురుజు మీద తొడగొట్టింది ఎవరు?

కర్నూలు నడిబొడ్డున నిలబడిన కొండారెడ్డి బురుజు విజయనగర రాజుల కాలంలో, అచ్యుతరాయల హయాంలో కట్టిన కోటలో మిగిలిన ముక్క. 17వ శతాబ్దంలో కర్నూలు ఏలిన గోపాలరాజు, అలంపురం ఏలిక కొండారెడ్డిని అందులో బంధించాడు కాబట్టి ఆ పేరు. కట్టించిన రాజు పేరు కాకుండా ఖైదీ పేరు నిలిచిన బురుజు ఇది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు కార్యాలయాలకు చోటు చాలక డేరాలు వేశారు. ఆ మూడేళ్లు కర్నూలు జనానికి బురుజు అంటే రాజధాని. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు వెళ్లాక అదే బురుజు పోగొట్టుకున్నదానికి గుర్తైంది. రాజధానో హైకోర్టో సీమకు ఇస్తామన్న 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందం మాట ఎత్తే పెద్దవాళ్లు నేటికీ బురుజు వైపే చెయ్యి చూపిస్తారు.

ఆ తర్వాత సినిమా వచ్చింది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’, 2003లో ‘ఒక్కడు’. ‘ఒక్కడు’తో బురుజు తెలుగువాళ్లందరికీ తెలిసిపోయింది. 2020లో ‘సరిలేరు నీకెవ్వరు’ కోసం హైదరాబాదులో దాని సెట్టే వేశారు. బురుజు, సుమో బండ్లు, తెల్లచొక్కా, తొడగొట్టడం, మీసం మెలేయడం అన్నీ కలిసి రాయలసీమ అనే మాటకు పర్యాయపదాలైపోయాయి. హైదరాబాదు హాస్టల్లో చేరిన కడప కుర్రాడిని పక్క మంచం వాడు మొదట అడిగే ప్రశ్న మీ ఊళ్లో బాంబులు చుడతారంట కదా అని. ఫ్యాక్షన్ అబద్ధం కాదు. కానీ ఫ్యాక్షన్‌లో తొడగొట్టినవాళ్లకన్నా తాళి తెంచుకున్నవాళ్లే ఎక్కువ. బాంబుల కేసుల్లో కోర్టుల చుట్టూ తిరిగి పొలాలు అమ్ముకున్న ఇళ్లున్నాయి. మొగదిక్కు లేక పిల్లల్ని బంధువుల ఊళ్లలో దాచి పెంచిన తల్లులున్నారు. వాళ్ల గుర్తు ఏ పోస్టరు మీదా పడలేదు. 2018లో వచ్చిన ‘అరవింద సమేత వీర రాఘవ’ ఆడవాళ్ల వైపు నుంచి కొంత చూసే ప్రయత్నం చేసింది. ఆ మాత్రానికే ఇక్కడ ఊరట పడినవాళ్లు చాలామంది.

ఇప్పటి కర్నూలు పిల్లలు బురుజు ముందు నిలబడి ఫొటో దిగుతారు. పరీక్ష పాసైనప్పుడు, పెళ్లి కుదిరినప్పుడు, బెంగళూరు నుంచి సెలవుకు వచ్చినప్పుడు. జెండా పండుగకు దానికి మూడు రంగుల దీపాలు పెడతారు. ఖైదు, రాజధాని, కత్తి అన్నీ అయ్యాక బురుజు ఇప్పుడు మా ఊరు అనే ఒక్క మాట దగ్గరికి వచ్చింది. నాకు ఈ అర్థమే నచ్చుతుంది.

ముత్యాల దండ వెనక ఆస్తి

కొన్ని గుర్తుల్ని చట్టంతోనే ఆపాల్సి వచ్చింది. 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు సీమలో బసివి ఆచారం ఉండేది. కొడుకులు లేని ఇంట్లో ఒక కూతురికి దేవుడి పేర ముత్యాల దండ కట్టి బసివిగా వదిలేవారు. ఆమెకు పెళ్లి ఉండదు. పుట్టింట్లోనే ఉండి, కొడుకులా తల్లిదండ్రులకు కర్మ చేసి, కొడుకులా ఆస్తి పొందేది. బ్రిటిషు కాలపు గెజిటీర్లు కూడా ఈ వారసత్వపు సంగతి రాసిపెట్టాయి. ఆడపిల్లకు ఆస్తి హక్కు లేని కాలంలో ఆ దండ ఒక దొడ్డిదారి. దానికి ఆ పిల్ల తన ఒళ్లు అప్పజెప్పి కట్టిన ధర ఎంతో ఊళ్లో అందరికీ తెలుసు. ఎక్కువగా ఆ ధర కట్టింది దళిత, వెనకబడిన కులాల ఆడపిల్లలు.

1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ అర్పణను నిషేధించింది. 1988లో ఆంధ్రప్రదేశ్ జోగిని, బసివి, మాతమ్మలందరినీ కలుపుకుంటూ ఇంకో చట్టం చేసింది. ఈ రెండింటి గురించీ అందరూ చెబుతారు. నడుమ వచ్చిన ఇంకో చట్టం గురించి ఈ సందర్భంలో ఎవరూ చెప్పరు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చేలా ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. కూతురే వారసురాలని చట్టం ఒప్పుకున్నాక, కూతురిని కొడుకుగా మార్చడానికి దండ కట్టాల్సిన అవసరమేముంది? నిషేధం దండను తెంపమంది. ఆస్తి హక్కు దాని వెనకున్న సాకును తీసేసింది. ఆచారం ఆ ఏడాదే చచ్చిపోలేదు. మారుమూల ఊళ్లలో చాటుగా ఇంకా చాలా ఏళ్లు సాగింది. దండ కట్టించుకున్న పెద్దవయసు ఆడవాళ్లు కొందరు ఇప్పుడు పింఛను కోసం కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు. ఒకప్పుడు దేవుడి బిడ్డ అని పండుగకు ముందు వరసలో నిలబెట్టిన ఊరే, ఇప్పుడు ఆ మెడ వంక చూసి మాట మార్చేస్తుంది. గుర్తు పోయాక దాన్ని మోసినవాళ్లు మిగులుతారు. వాళ్ల బాధ్యత ఎవరిది?

బన్ని రాత్రి

అదే ఆలూరు సీమలో, హొళగుంద మండలంలో దేవరగట్టు ఉంది. కొండ మీద మాళ మల్లేశ్వరస్వామి గుడి. దసరా రోజు అర్ధరాత్రి స్వామికి, మాళమ్మకు కల్యాణం చేసి, ఉత్సవమూర్తులను దివిటీల వెలుగులో కొండ దింపుతారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు విగ్రహాలకు కాపలా. అరికెర, సుళువాయి, ఎళ్లార్తి, విరుపాపురం, బిలేహాల్ లాంటి చుట్టుపక్కల ఊళ్ల జనం దేవుడు మావాడని ముందుకు తోసుకొస్తారు. అందరి చేతుల్లో కర్రలు. మణి, మల్లాసురులనే రాక్షసులను స్వామి భైరవుడై చంపిన రాత్రి అని స్థలపురాణం. పాదాలగట్టు, రక్షపడ, బన్ని (జమ్మి) చెట్టు మీదుగా ఎదురు బసవన్న గుడి దాకా యాత్ర నడుస్తుంది. రక్షపడ దగ్గర ఒక భక్తుడు తొడ దగ్గర గాటు పెట్టుకుని, రాక్షసులకు ఇచ్చిన మాట ప్రకారం చిటికెడు నెత్తురు వదులుతాడు. తెల్లవారే వేళకు బసవన్న గుడి దగ్గర పూజారి భవిష్యవాణి చెబుతాడు. వాన ఎప్పుడు, పత్తి ధర ఎంత అని రైతులు చెవులు రిక్కిస్తారు.

ప్రతి ఏడూ తలలు పగులుతాయి. గాయపడేవాళ్లు పదుల్లో ఉంటారు. కొన్ని ఏళ్లు ప్రాణాలే పోయాయి. పోలీసులు వందల సంఖ్యలో వస్తారు, సీసీ కెమెరాలు పెడతారు, డ్రోన్లు ఎగరేస్తారు, ఇనుప రింగులు తొడిగిన కర్రల్ని, నాటుసారాను ముందే పట్టుకుంటారు. 2020లో కరోనా వల్ల వద్దన్నా జనం ఆగలేదు. మరునాడు పేపర్లలో, టీవీల్లో కర్రల సమరం, నెత్తురోడిన దేవరగట్టు అనే శీర్షికలు. ఆ మాట మీదే ఊరివాళ్లకు కోపం. ఇది కొట్లాట కాదు, ఆచారం, దేవుడి దగ్గర పగలుండవు అంటారు. దెబ్బ తగిలితే స్వామి బండారు, అంటే పసుపు, అద్దుకుని నడిచిపోతారు.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కర్ర ఒకప్పుడు ఏమిటో ఊహించడం కష్టం కాదు. చీకట్లో, ముళ్లపొదల నడుమ, అడవి జంతువులుండే గట్టు మీదికి దివిటీ, కర్ర లేకుండా ఎవడు పోతాడు? అదే కర్ర దేవుడి కాపలాకు గుర్తైంది. ఈ ఊళ్ల బతుకు తెలిసినవాళ్లకు ఇంకో అర్థం కూడా కనబడుతుంది. వానలు ఎత్తిపోతే ఆదోని, ఆలూరు, కోసిగి వైపు జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరప తోటలకు, పత్తి చేలకు మూటాముల్లె, పిల్లాజెల్లాతో లారీలెక్కుతారు. ఇళ్లకు తాళాలు పడతాయి, బడులు ఖాళీ అవుతాయి. ఏడాదిలో ఊరంతా ఊళ్లో ఉండే రాత్రుల్లో దసరా రాత్రి పెద్దది. బెంగళూరులో ఇటుకలు మోసేవాడు, గుంటూరులో కాయలు కోసేవాడు ఆ రాత్రి కర్ర పట్టుకుంటే నేను ఇంకా ఈ ఊరివాణ్ణే అని చెప్పడం. ఇది తెలియకుండా లాఠీతో ఆపడం ఎవరి తరమూ కాదు.

అంతమాత్రాన పగిలిన తలను భక్తి అని ఒప్పుకోలేను. అలా ఒప్పుకోవాల్సిన పని లేదని మన శ్రీశైలమే చెబుతోంది. మల్లికార్జునుడి గుడి దగ్గర వీరశిరోమండపం ఉంది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు అనవేమారెడ్డి కట్టించాడు. వీరభక్తులు తమ తలలు, నాలుకలు తామే కోసుకుని శివుడికి అర్పించడానికి కట్టిన మండపం అది. ఆ కాలానికి అంతకన్నా గొప్ప భక్తి లేదు. ఇప్పుడు భక్తులు శ్రీశైలంలో ఇచ్చేది తలనీలాలు. తల ఇచ్చే కాలం నుంచి వెంట్రుకలు ఇచ్చే కాలానికి వచ్చినందువల్ల మల్లన్న మీద భక్తి ఇసుమంత తగ్గిందని ఎవరూ అనరు. నెత్తురు తగ్గినా దేవుడు తగ్గడని ఇక్కడి మల్లన్న భక్తులే తేల్చి చూపించారు. దేవరగట్టు దేవుడూ మల్లన్నే. రక్షపడ దగ్గర రాక్షసుడికి ఇచ్చిన మాట కూడా చిటికెడు నెత్తురుతోనే తీరిపోతోంది కదా.

దేవరగట్టుకు దారి బయటి నుంచి రానక్కర్లేదు. ఉత్సవానికి ముందు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట పెద్దలు పాలు ముట్టుకుని, బండారు చల్లుకుని ఒక ప్రమాణం చేస్తారు. దాన్ని పాల బాస అంటారు. ఈ రాత్రి ఎవరి మీదా కక్ష పెట్టుకోము, కలిసికట్టుగా స్వామిని దింపి మళ్లీ ఎక్కిస్తాము అని మాట ఇచ్చుకోవడం. టీవీ కెమెరా కర్ర వైపే తిరుగుతుంది, ఈ పాల గిన్నె వైపు తిరగదు. శాంతి ప్రమాణం ఆచారం లోపలే ఉంది. అది మూడు ఊళ్ల దగ్గరే ఆగిపోయింది. అటువైపు నుంచి వచ్చే ఊళ్ల పెద్దలు, కర్ర పట్టే కుర్రాళ్లు కూడా ఆ పాలు ముట్టేలా చేస్తే? కర్రకు ఇనుప రింగు ఉండకూడదనే మాట పోలీసు ఉత్తర్వుగా కాక బాసలో మాటగా వస్తే? దసరాకు వారం ముందు అవగాహన సదస్సు పెట్టి చేతులు దులుపుకోవడం కాదు. సుగ్గి నుంచి జనం తిరిగొచ్చే ఎండాకాలంలోనే అధికారులు ఆ ఊళ్ల పెద్దలతో కూర్చుని మొదలుపెట్టాల్సిన పని ఇది.

అల్లుడికి భత్యం

ఇప్పటిదాకా చెప్పినవి మార్పు రావాల్సినవి, లేదా వచ్చి మేలు చేసినవి. కడపకు వచ్చేసరికి నాకు భయం మొదలవుతుంది.

దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడికి ఉగాది తెల్లవారుజామునే ముస్లింలు వరస కడతారు. బురఖాలో ఆడవాళ్లు, టోపీలో పెద్దవాళ్లు, చంకలో పిల్లలు. బియ్యం, పప్పు, బెల్లం, చింతపండు, ఉప్పు ఒక సంచిలో కట్టుకుని వచ్చి స్వామికి భత్యం ఇస్తారు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపిల్ల, వేంకటేశ్వరుడు మా అల్లుడు అనేది వాళ్ల నమ్మకం. కొత్త సంవత్సరం నాడు అల్లుడింటికి సరుకులు పంపకుండా ఎలా అన్నది వాళ్ల లెక్క. నాంచారమ్మ చరిత్రలో ఉందా లేదా అని వాదించేవాళ్లు ఆ సంచిలోని చింతపండు వాసన పీల్చి మాట్లాడాలి.

అదే కడపలో అమీన్ పీర్ దర్గా. పెద్ద దర్గా అంటారు. ఉరుసుకు హిందువులే సగం మంది అన్నట్టుంటుంది. 2024 నవంబరులో నటుడు రామ్‌చరణ్ అయ్యప్ప మాలలో ఉండి, ఏఆర్ రెహమాన్‌కు ఇచ్చిన మాట ప్రకారం ఆ దర్గాలో జరిగిన ముషాయిరాకు వచ్చాడు. మాలలో దర్గాకు ఎలా వెళ్తాడని సోషల్ మీడియాలో గొడవ లేచింది. అయ్యప్ప మాల ఏం చెబుతుందో మాల వేసినవాళ్లకు తెలుసు. శబరిమలకు పోయే స్వాములు దారిలో ఎరుమేలిలో వావరు మసీదుకు వెళ్లి దండం పెట్టుకుంటారు. అయ్యప్ప కథలోనే వావరు స్నేహితుడు. అంటే నల్లబట్ట, తులసిమాల తమలో మసీదును కూడా మోసుకుంటూ వచ్చిన గుర్తులు. మాల మారలేదు, దర్గా మారలేదు, చూసే కళ్లు ఇరుకయ్యాయి. 20 ఏళ్ల కిందట ఎవరూ తల తిప్పి చూడని దృశ్యం ఇప్పుడు నేరంలా కనబడుతోంది.

పీర్ల పండుగ సంగతీ ఇంతే. మొహర్రం నెల పుట్టగానే చావిడి ముందు గుండం తవ్వుతారు. పెట్టెలో గుడ్డ చుట్టి దాచిన పీర్లను తీసి, చింతపండుతో తళతళలాడేలా తోమి, ఊదు పొగ వేసి, కొయ్యకు బిగిస్తారు. కొన్ని పీర్లు అరచేతి ఆకారంలో ఉంటాయి. ఐదు వేళ్లు ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్ అంటారు. మొక్కుకున్నవాళ్లు తెచ్చిన రంగు రంగుల దట్టీలు ఒకదాని మీద ఒకటి చుడుతూ పోతే, పదోనాటికి కొయ్య కనబడకుండా పోతుంది. బెల్లం పానకం, మలీద చదివిస్తారు. చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు రాత్రుల్లో పీరు పట్టినవాడు నిప్పుల గుండం తొక్కుతాడు. అతడు బోయవాడు కావచ్చు, కాపు కావచ్చు, దూదేకులవాడు కావచ్చు. ఒక్క ముస్లిం ఇల్లు లేకున్నా పీర్లను నిలబెట్టే పల్లెలు సీమలో ఉన్నాయి. పక్క అనంతపురంలోని గూగూడు కుళ్లాయిస్వామి మీద కవి, పరిశోధకుడు అఫ్సర్ 2013లో ‘ద ఫెస్టివల్ ఆఫ్ పీర్స్’ అని పుస్తకమే రాశారు.

క్రీ.శ. 680లో కర్బలాలో హుసేన్‌కూ ఆయనవాళ్లకూ నీళ్లు అందకుండా చేసి, పిల్లలతో సహా చంపిన దుఃఖానికి గుర్తు పీరు. ఆ దుఃఖం సీమకు వచ్చేసరికి పండుగైంది, మొక్కైంది, సంతానమిచ్చే దేవుడైంది. నీళ్లు లేక అల్లాడడమంటే ఏమిటో ఈ నేలకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే హుసేన్ ఇక్కడ ఇంటివాడయ్యాడని నేను నమ్ముతాను. ఆ పీరుకే ఇప్పుడు రెండు వైపుల నుంచీ ఒత్తిడి. ఇది మతంలో లేదు, మానండి అని కొందరు ముస్లిం పెద్దలు. వాళ్ల దేవుడు మనకెందుకు అని కొందరు హిందువులు. మొదటివాళ్లది శాస్త్రం మీద నమ్మకం, దాన్ని గౌరవిస్తాను. కానీ రెండు మాటలూ కలిసి చేసే పని ఒక్కటే. బిడ్డ పుడితే దట్టీ కడతానని మొక్కుకున్న ముసలమ్మ చావిడి గడప ముందు ఆగిపోతుంది.

ఆమె పేరు దస్తగిరమ్మో, హుసేనమ్మో, మస్తానమ్మో అయి ఉంటుంది. ఆమె అన్న పక్కీరప్ప, పెదనాన్న కుళ్లాయప్ప. అందరూ హిందువులే. సీమలో ఏ పల్లెలో ఓటర్ల జాబితా తిప్పినా వరసపెట్టి కనబడే పేర్లివి. పుట్టిన బిడ్డలు దక్కకపోతే పీరుకు మొక్కి, దక్కిన బిడ్డకు ఆ పేరు పెట్టారు. కృతజ్ఞతకు గుర్తుగా పెట్టిన పేర్లు ఇప్పుడు సంజాయిషీ అడుగుతున్నాయి. నగరంలో ఉద్యోగానికి పోయిన దస్తగిరి, నువ్వు ఏ మతం అనే ప్రశ్నకు జవాబు చెప్పలేక డి. గిరి అని కురచ చేసుకుంటున్నాడు. మనవళ్లకు ఆ పేర్లు పెట్టేవాళ్లు తగ్గిపోయారు. ఇంకో తరం గడిస్తే ఓటర్ల జాబితాలో కూడా దొరకవు.

కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేసి డాక్టరేట్ అందుకున్నారు. ఒక్కో ఊరి పేరు వెనక చెరువు, చెట్టు, కులం, కరువు ఉన్నాయని చూపించారు. మనుషుల పేర్ల మీద అంతే ఓపికగా పని జరగాలి. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం, అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి. తెలుగు చదివే పిల్లలు, ఉర్దూ చదివే పిల్లలు జోడీలుగా చావిడి ఉన్న పల్లెలకు వెళ్లి కూర్చోవచ్చు. ఏ పీరుకు ఏ ఇంటివాళ్లు మొక్కారు, ఏ బిడ్డకు ఏ పేరు వచ్చింది, గుండం తొక్కే హక్కు ఏ కులానిది, దట్టీ ఎవరు నేసి ఇచ్చేవారు అని అడిగి రాసుకోవచ్చు. చెప్పగలిగిన దస్తగిరమ్మలకు ఇప్పుడు 80 దాటుతున్నాయి. వచ్చే మొహర్రానికే మొదలుపెట్టాలి.